‘అండి’కి దాచుకున్న ఊపిరి

మా ఎదురు ఫ్లాటు సారు పోయిన మంగళవారం కన్నుమూశారు. వాళ్ల కోడలు గుమ్మంలో నిలబడి, “మావయ్యగారు వెళ్లిపోయారండి” అంది. నేను “అయ్యో” అన్నాను. నావెప్పుడూ అన్నే మాటలు.

మిగతావన్నీ ఆయనవే. గోదావరి వైపు కాలేజీలో తెలుగు చెప్పి, రిటైరై మణికొండ వచ్చారు. నేను పక్కన నార్సింగిలోనే పుట్టి, ఐదో తరగతితో బడి మానినవాణ్ని. పొద్దున నడకలో ఆయన మాట్లాడేవారు, నేను నడిచేవాణ్ని. ఆయన పక్కనుంటే నేను మాట్లాడనని ఎవరికీ తెలిసేది కాదు. నన్ను “పటేలుగారండీ” అనేవారు. నేను పటేల్‌ను కాదంటే, “పిలుపు బాగుంది కదండీ” అనేవారు.

వాసన పట్టడం ఆయనకు సరదా. ఏ ఇంట్లో పోపు మాడినా తలుపు కొట్టి మరీ చెప్పేవారు. ఆ సరదాయే కొంప ముంచింది. ఈతకొలను నీళ్లలో కలిపే మందుల గది మా మెట్ల కిందే, పిల్లలు ఆడుకునే చోటు పక్కనే ఉండేది. ఒకరోజు ఎవరో పొరపాటున క్లోరిన్ మందులో యాసిడ్ పోశారు. ఘాటుకు అందరూ బయటికి ఉరికారు. సారు మాత్రం “ఇదేం వాసనండీ?” అంటూ లోపలికి తల పెట్టారు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చారు గానీ, పాత ఊపిరి మళ్లీ రాలేదు. నాలుగు మాటలకోసారి ఆగి దగ్గాలి. ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులోనే. మాటలు తగ్గించమన్నాడు డాక్టరు. ఏవి తగ్గించాలన్నది మా ఇద్దరికీ పంచాయితీ.

“ఆ అండి ఇడిసిపెట్టుండ్రి సారూ. ఊకె ఊపిరి దండుగ.”

“మిగతావన్నీ... మానేస్తానండి. అది లేని ఊపిరి... ఎందుకండి?”

“గిప్పుడే రెండైనయి.”

ఆయన నవ్వబోయి దగ్గారు. “అన్నయ్యగారూ, ఆయన్ని నవ్వించకండి!” అని వంటింట్లోంచి వాళ్లావిడ నన్ను కోప్పడింది.

ఆయనకు ఒకటే పట్టుదల. ఆ మందులు పిల్లల దగ్గర్నుంచి వెనక గోడ పక్కకు పోవాలి. అక్కడ రెండు కార్ల జాగా పోతుందని అసోసియేషన్‌లో ఎవరూ ఒప్పుకోలేదు. మీటింగులో సారు లేచారు. “సభ్యులందరికీ... నమస్కారమండి...” ఊపిరి అయిపోయింది. పీల్చుకుని, “ముందుగా... అధ్యక్షులవారికండి...” మళ్లీ అయిపోయింది. అసలు సంగతి రాకముందే సెక్రటరీ, “నెక్స్ట్ పాయింట్‌కి వెళ్దామా?” అన్నాడు.

నలుగురిలో ఎన్నడూ నోరు తెరవనివాణ్ని, ఎట్లా లేచానో తెలియదు.

“గా మందు డ్రమ్ములు గోడ కాడికి పోవాలె. పోయేదాంక సారు గిట్లనే మాట్లాడుతడు. మీరు కూసోని వినుండ్రి.”

అందరూ గొల్లుమని నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఒకావిడ సరేనని చెయ్యెత్తింది. తర్వాత ఇంకొందరు.

లిఫ్టులో సారు నా భుజం పట్టుకున్నారు. “బాగా చెప్పారు... పటేలుగారండీ. ఒక్క అండి కూడా... లేకుండా పోయిందండి.”

ఆయన పోయిన మర్నాడు కిందికి దిగాను. మందులు గోడ పక్కకు పోయి ఖాళీ అయిన మెట్ల కింది గది తలుపు బార్లా తీసి ఉంది. పిల్లలు అందులో దాక్కుంటున్నారు. బయట ఒక పాప గోడకు ముఖం ఆనించి, ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో, గట్టిగా అంకెలు లెక్కపెడుతోంది.