ఓడ ఆగినంతసేపు

మంచిర్యాల నుంచి గోదావరిఖనికి వస్తున్న బస్సు వంతెన ఎక్కింది. పొగమంచులో అవతలి గట్టు కనబడక గోదావరి సముద్రంలా ఉంది. పక్క సీటులోని అక్క దాన్నే చూస్తోంది. బొగ్గుబాయిలో రిటైరైన భర్తతో ఓడలో శ్రీలంకకు పోతుందట.

"ఓడ ఆడ ఒక్క పూటనే ఆగుతదట. ఏం జూడాలె చెల్లె?"

"సముద్రం ఒడ్డున కొండమీద శివుని గుడి ఉంటదని మా అమ్మ చెప్పేది. ముందుగాల గక్కడికే పోండ్రి అక్కా."

"మా ఆయిన గూడ గదే అంటుండు. నాకేమో మోకాళ్ళ నొప్పులు. కింద కూసో, జల్ది మొక్కి వస్త అంటడు. ఆయిన బాయిల దిగితే పైన ఎదురుచూసుడే అయింది బతుకంత. షిఫ్టు టైం గాకుండ సైరన్ మోగితె బాయిల ఏమైందోనని పానం పొయ్యేది. ఇగ ఆడ గూడ నేనొక్కదాన్నే కూసోవాల్నా?"

అంతలోనే తనే నవ్వింది.

"ఎక్కినన్ని మెట్లు ఇద్దరం ఎక్కుతం. ఆడనే కూసుంటం. మిగిలిన దూరం దేవుడే దిగొస్తడు తియ్యి."

వాళ్ళు ఎన్ని మెట్లు ఎక్కారో నాకు తెలియదు. మా ఆయన ఇంకా బాయిలోనే పనిచేస్తున్నారు. సందెదీపం నేనొక్కదాన్నే పెట్టేదాన్ని. ఇప్పుడు ఆయన వచ్చేదాకా ఆగి, ఆ అక్కకు మనసులో దండం పెట్టుకొని, ఇద్దరం కలిసి వెలిగిస్తున్నాం.