పదకొండో పేరు

చండ్రుగొండ దాటాక తారు రోడ్డు ఒకచోట ఆగిపోతుంది. ఓట్లడగడానికి వచ్చే జీపులు కూడా అక్కడే ఆగిపోతాయి. అక్కడి నుంచి నాలుగు మైళ్ళు నడిస్తే ఉషారాణి ఉండే కోయగూడెం. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఇంటరు దాకా చదివింది. చర్ల వైపు ఇచ్చి పెళ్ళి చేస్తే, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని రెండో ఏడే పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని తల్లి నాగక్క అడగలేదు. అడిగిన పక్కింటివాళ్ళకు మాత్రం, మీ కుండలో కూడు తినడానికి రాలేదు పొమ్మని చెప్పింది.

తల్లీకూతుళ్ళు వేసవిలో తునికాకు కోసేవాళ్ళు, వానాకాలం పోడులో జొన్న విత్తేవాళ్ళు. ఆ పోడే మెడకు చుట్టుకుంది. నిరుడు తొలకరికి ముందు గూడెం ఆడవాళ్ళు పదకొండు మంది కలిసి తుప్పలు కొడుతుంటే ఫారెస్టు వాళ్ళు వచ్చి, గొడ్డళ్ళు గుంజుకుని, పేర్లు రాసుకుపోయారు. అది తాతల నాటి చేనే. పట్టా కాగితం ఒక్కటే లేదు, అడవిలో పుట్టినవాళ్ళకు కాగితం ఎవరిస్తారు? ఆ పేర్లలో నాగక్కదీ ఒకటి. కేసు ఇంకా కోర్టుకు ఎక్కలేదు, ఫారెస్టు రేంజి ఆఫీసులోనే ఉంది. ఎక్కిందంటే ఇక కూలి మానుకుని వాయిదాలకు తిరగడం, తిరిగి తిరిగి జైలుకు పోవడం.

ఉషారాణి నాలుగుసార్లు ఆ ఆఫీసుకు పోయింది. నాలుగుసార్లూ వరండాలో నిలబెట్టి పంపించారు. ఐదోసారి ఒక పార్టీ యువజన నాయకుడి వెనక పోయింది. ఆయనకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. అడవిలో పుట్టిన మనిషికి లేని కుర్చీ, జెండా పట్టుకున్న మనిషికి ఉందన్నమాట. ఆ సంగతి ఉషారాణికి అక్కడే బోధపడింది.

ఆ నాయకుడి పేరు వెంకటేశ్వరరావు. జుట్టుకు రంగేసుకుని యువజనంలో కొనసాగుతున్న మనిషి. జిల్లా మహిళా కార్యదర్శి పదవికి పార్టీలో ఎన్నిక జరుగుతుందనీ, సభ్యులే ఫోన్లలో ఓటు వేసుకుంటారనీ, అడవి వైపు నుంచి ఒక ఆడపిల్ల నిలబడాలనీ ఆయనే చెప్పాడు. నువ్వు గెలువు, పక్కన కూర్చోబెట్టుకుని పదకొండు పేర్లూ కొట్టేయిస్తానన్నాడు. ఉషారాణి నమ్మింది. నలభై రోజులు ఆరు గూడేలు తిరిగి రెండు వందల నలభై మందిని సభ్యులుగా చేర్పించింది. ఆమె చెప్పులు అరిగాయి, జిల్లాలో ఎక్కువ మందిని చేర్చిన పేరు వెంకటేశ్వరరావుకు వచ్చింది. పోటీగా కొత్తగూడెం కాంట్రాక్టరు కూతురు సాహిత్య నిలబడింది. ఆ పిల్ల ఒక్క గూడెం కూడా తొక్కలేదు.

ఓట్ల వారం మొదలయ్యే ముందు రాత్రి గాలివాన వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా గూడెంలో ఒక పద్ధతుంది. ఇంటికొక ఫోను చొప్పున అన్నీ సంచిలో వేసి, ఎవరిదో తెలిసేలా ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుడ్డపేలిక కట్టి, తారు రోడ్డు దాకా మోసుకెళ్ళి ఆటోలో చండ్రుగొండ సెల్‌షాపుకు పంపిస్తారు. ఛార్జింగు ఎక్కాక మర్నాటికి తిరిగొస్తాయి. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్లు కాబట్టి దేనికీ తాళం ఉండదు. ఏళ్ళ తరబడి అలాగే జరుగుతోంది, ఒక్క ఫోనూ పోలేదు. ఆటో నడిపేది పరాయివాడా, నాగక్క అన్న కొడుకు వీరబాబు. ఉషారాణి తన ఫోను కూడా తన చేత్తోనే ఆ సంచిలో వేసింది. చుట్టుపక్కల గూడేల సంచులు కూడా అదే ఆటో ఎక్కాయి.

మూడోరోజు పొద్దున ఆడవాళ్ళందరినీ సిగ్నల్ అందే గుట్ట ఎక్కించింది. ఓటు ఎలా వెయ్యాలో చూపిద్దామని తన ఫోను తెరిచింది. మీ ఓటు నమోదైంది అని ఉంది. పక్కనున్న హైమ ఫోను చూసింది, అందులోనూ అదే మాట.

హైమ సంతోషపడింది. "గుట్ట ఎక్కకముందే పడ్డదట చూడక్కా. నేనెప్పుడు ఏసిన?"

ఉషారాణి ఒక్కొక్క ఫోనే తెరిచి చూసింది, అన్నిట్లోనూ ఎవరో ముందే ఓటు వేసేశారు. తన ఓటు కూడా తనకు పడలేదు. ఫలితం వచ్చిన రోజు చూస్తే తనకు మొత్తం పదిహేడు, మిగతావన్నీ సాహిత్యకు. కరెంటు పోని గూడెంవాళ్ళు వేసినవి అవి.

వెంకటేశ్వరరావుకు ఫోను చేస్తే ఆయన నవ్వాడు. "మహిళల సీటు మహిళకే పోయింది గదమ్మా. ఇంకేంది నీ బాధ?"

వీరబాబు వాగులో ఆటో కడుగుతున్నాడు. అడిగితే దాచలేదు, తలకాయా దించలేదు. ఫోన్లు సెల్‌షాపులో పెట్టగానే వెంకటేశ్వరరావు సారు మనుషులు వచ్చి కూర్చున్నారట. ఓటు కోసం ఫోన్లకు ఓటీపీ నంబర్లు వస్తుంటే కొట్టుకుంటూ పోయారట.

"అవ్ వదినె, నేనే ఇచ్చిన. సారు నా ముందట్నే రేంజి ఆఫీసుకు ఫోన్ చేసిండు. అత్త పేరు తీసేసిండ్రు. నువ్వు గెల్సినా గదే గదా కావాల్సింది?"

"నేను గెలిస్తే పదకొండు పేర్లు పోయేటివిరా."

"ఆయన పదకొండు తీపిచ్చేటోడా? ఒక్కటి ఇస్తనన్నడు. నేను పట్టుకున్న."

ఉషారాణికి వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు, మెచ్చుకోవడానికి మనసు రాలేదు. ఇంటికి వచ్చి తల్లికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాగక్క చేటలో ఇప్పపలుకులు ఏరుతూనే విన్నది.

సంగతి గూడెంలో తెలిసింది. ఎవరూ తగువుకు రాలేదు. వస్తే బాగుండేది. కేసులో మిగిలిన పదిమందీ నాగక్క వాకిట్లోంచి నడవడం మానేసి ఇళ్ళ వెనక నుంచి తిరిగిపోసాగారు. పొద్దున్నే ఆకుకు పోయేటప్పుడు ఆమెను కేకేసే గొంతు లేకుండా పోయింది. వారానికి పదిమందికీ రేంజి ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. నాగక్కకు రాలేదు.

ఆ పొద్దున నాగక్క తలకు నూనె రాసుకుని, చీర మార్చుకుని బయల్దేరింది. నిన్ను పిలవలేదు కదే అంది కూతురు.

"పదకొండు మందిమి కొట్టినం. పదిమందే కొట్టిండ్రని రాస్తే, ఈళ్ళను పట్టిచ్చింది నేనయిత. రేపు నేను సచ్చిపోతే మోసేందుకు ఎవరొస్తరు? ఫారెస్టోళ్ళొస్తరా?"

ఆఫీసులో గుమస్తా పదిమందిని వరసగా నిలబెట్టి వేలిముద్రలు వేయించుకున్నాడు. నాగక్క ముందుకొస్తే, నీ పేరు లేదు, అదృష్టమనుకుని ఇంటికి పొమ్మన్నాడు. ఆమె అక్కడే నేలమీద కూర్చుంది. ఉషారాణి తెల్లకాగితం అడిగి తీసుకుని, గోడకు ఆనించి రాసింది. ఆ రోజు పోడులో తుప్పలు కొట్టినవాళ్ళలో తన తల్లి కూడా ఉందని, పేరు ఎవరో తప్పించారని, చేర్చమని. రాస్తుంటే రెండుసార్లు చెయ్యి ఆగింది. తల్లి కూతురి చేతినే చూస్తూ కూర్చుంది.

నాగక్క వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుని వరస చివర నిలబడింది. ఆమె కేసి ఎవరూ చూడలేదు. చివర నిలబడ్డ ఆవిడ మాత్రం కాస్త జరిగింది.

గుమస్తా కాగితం చదివి ఉషారాణిని పైనుంచి కింది దాకా చూశాడు. పదో పేరు కింద ఆయన అప్పటికే గీత గీసేసి ఉన్నాడు. ఆ గీత కింద, ఇరుకులో, పదకొండో పేరు రాసుకున్నాడు.