పసుపు చెయ్యి ఎర్రబడిన వారం

కోవిడ్ తరవాత మలేషియాలోకి పోయే జొహోర్ సరిహద్దు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, నవంబరు నెలలో నేను సింగపూర్ తూర్పు తీరాన ఒక పడవల యార్డులో, లామినేషన్ షాపుకి సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. రిటైర్‌మెంటుకి ఇంకా ఏడు నెలలుంది. లామినేషన్ అంటే గాజు పోగులతో నేసిన గుడ్డని అచ్చు మీద పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, పొర మీద పొర గట్టిపడనిస్తూ పడవ ఒళ్ళు తయారుచేయడం. చేసింది బాగుంటే ఆకుపచ్చ ట్యాగు, లేకపోతే ఎర్ర ట్యాగు కట్టడం నా పని. నా సంతకం లేనిదే ఆ షెడ్డులోంచి బకెట్ కూడా బయటికి పోయేది కాదు. ఆ సంగతి నాకు అవసరానికి మించే గుర్తుండేది.

షాపు ఫోర్‌మన్ అప్పలసామి. మలేషియాలో, పెరాక్‌లో పుట్టిన తెలుగువాడు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి తోటల పనికి వచ్చాడట. ముప్పై ఏళ్ళుగా పడవలు చేస్తున్నా అప్పలసామి మోకాలి లోతు దాటి సముద్రంలో దిగలేదు. ఈత రాదు, నీళ్ళంటే భయం. అతని కూతురు సావిత్రి దీనికి పూర్తిగా ఎదురు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు, సెలవు దొరికితే చాలు, బోర్డెక్కి అలల మీద జారే సర్ఫింగ్ అంటూ పరిగెడుతుంది. సింగపూర్‌లో చెప్పుకోదగ్గ అల లేదు. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక సరిహద్దు అవతల దేశారు తీరంలో పెద్ద అలలు లేస్తాయి.

ఆ పిల్ల తండ్రిని పట్టుకుంది. "అందరికీ పడవలు చేస్తావు నాన్నా, నాకొక్క బోర్డు చెయ్యలేవా లా?" అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా. అప్పలసామి నా దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు. "వద్దంటే ఆగదు సార్. ఎలాగూ ఎల్తాది. కాళ్ళ కింద ఉండేది నా చేత్తో చేసిందైతే నాకు నిద్దరైనా పడతాది" అన్నాడు. మేనేజరు శనివారం మధ్యాహ్నాలు షెడ్డు వాడుకోమని ఒప్పుకున్నాడు, నేను చూసుకుంటాననే షరతు మీద.

మా ఇద్దరికీ సర్ఫ్‌బోర్డు కొత్త. పడవ బోలుగా ఉంటుంది, దీనికి లోపల తేలికైన నింపుడు ఉండాలి. ఇంజను పెట్టెల్లో వచ్చే దళసరి థర్మాకోల్ దిమ్మ ఒకటి సంపాదించాం. నడుమ సన్నటి చెక్కబద్ద అతికించి, వేడి తీగతో ఆకారం కోశాం, ఆకురాయితో అంచులు గుండ్రంగా రుద్దాం. తెల్లటి పొడి షెడ్డంతా ఎగిరి మా కనుబొమల మీద పడింది. అప్పలసామికి మొదటి శనివారమే అందులో చెయ్యి కుదిరింది. పడవ అచ్చులోంచి వస్తుంది, దీన్ని మాత్రం దిమ్మలోంచి బయటికి తీయాలని అతనే అన్నాడు.

చిక్కు రెజిన్‌తో వచ్చింది. మేం జీవితమంతా వాడింది పాలియెస్టర్ రెజిన్. పరీక్షకని ఒక కప్పు తునక మీద పోస్తే సన్నగా బుసకొట్టి, థర్మాకోల్ కళ్ళముందే కిందికి కుంగిపోయింది. నిమిషంలో దాని నడుమ కన్నం, కన్నంలోంచి నేల. అప్పలసామి రెండడుగులు వెనక్కి వేశాడు. అందుకని థర్మాకోల్‌ని కరిగించని ఎపాక్సీ రెజిన్ తెప్పించాం. రెండు డబ్బాలు, ఒకటి రెజిన్, ఇంకొకటి హార్డెనర్. రెండు కొలతలకి ఒక కొలత, కచ్చితంగా, అని డబ్బా మీద ఉన్నది నేనే పైకి చదివి వినిపించాను.

అడుగు వైపు ఒక శనివారం ఎండలో పూర్తయింది. తరవాతి శనివారం పైభాగం. ఎపాక్సీ ఎక్కువ కలిపితే గిన్నెలోనే వేడెక్కి పొగలొస్తుంది కనక చిన్న గిన్నెల్లో రెండుసార్లుగా కలపాలనుకున్నాం. మొదటి గిన్నె ముక్కు వైపు సగానికి సరిపోయింది. అంతలో ఆకాశం మూసుకుపోయి ఆ నెల మామూలు వాన దిగింది. షెడ్డు రేకుల మీద చప్పుడుకి మా మాట మాకే వినబడలేదు. అప్పలసామి రెండో గిన్నె కలుపుతూ నా వైపు చూశాడు. నేను గోడ మీది కాగితం చూపించాను. వాన పడితే హార్డెనర్ రెండు మూతలు అదనం అని నేనే రాసి అంటించిన నియమం అది. అతను రెండు మూతలు పోశాడు. తోక వైపు సగం ఆ గిన్నెతో తడిపాం.

సోమవారం నేను ముక్కు దగ్గర బొటనవేలి గోరు నొక్కి చూశాను. గట్టిగా ఉంది. తోక వైపు పైన సన్నటి తేమ ఉంటే వాన చెమ్మ అనుకుని గుడ్డతో తుడిచాను. ఆకుపచ్చ ట్యాగు కట్టాను.

మా షాపులో ఒక అలవాటుండేది. అచ్చులోంచి బయటికి వచ్చిన ప్రతి పడవకీ అప్పలసామి తడి పసుపుతో అరచేతి ముద్ర వేసేవాడు, పురిటి బిడ్డకి నలుగు పెట్టినంత శ్రద్ధగా. రంగు వేసేముందు దాన్ని తుడిచేసేవాళ్ళం కనక చీనా మేనేజరు అభ్యంతరం చెప్పలేదు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి సావిత్రి యార్డుకి వచ్చింది. బోర్డు చూసి తండ్రిని గట్టిగా కౌగిలించుకుంది. పసుపులో రెండు చేతులూ ముంచి, ఒకటి ముక్కు మీద, ఒకటి తోక మీద ఒత్తింది. శుక్రవారం పొద్దున్నే దేశారు వెళ్తున్నానని చెప్పింది.

మంగళవారం ఉదయం నాకంటే ముందే వచ్చిన అప్పలసామి షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయి ఉన్నాడు. లోపలికి వెళ్ళి చూశాను. ముక్కు మీది చెయ్యి పసుపుగానే ఉంది. తోక మీది చెయ్యి ఎర్రబడింది. కుంకుమ ఎరుపు కాదు, ఎండిన నెత్తురు రంగు. అయిదు వేళ్ళూ, అరచేతి గీతలతో సహా. దాని చుట్టూ బోర్డుకి సన్నగా చెమట పట్టి ఉంది, షెడ్డులో ఎక్కడా లేని చేపల నీచు వాసన అక్కడొక్కచోటే వస్తోంది.

"ఏటి సార్ ఇది?" అన్నాడు అప్పలసామి గొంతు తగ్గించి. ఎవరో ఆకతాయి పని అని నవ్వేశాను. గుడ్డ తీసుకుని తుడిచేశాను. గుడ్డకి ఎరుపు అంటింది. నా మాట నిజమని చూపించడానికి, అతని చేతనే మళ్ళీ పసుపు ముద్ర వేయించాను. షెడ్డుకి తాళం వేసి తాళంచెవి నేనే ఇంటికి తీసుకెళ్ళాను.

బుధవారం పొద్దున్న తాళం నేనే తీశాను. అప్పలసామి పెద్ద చెయ్యి ఎర్రగా ఉంది. దాని లోపల, ముందురోజు నేను తుడిచేసిన సావిత్రి చిన్న చెయ్యి ఇంకా ముదురు రంగులో తేలి కనిపిస్తోంది. నాకూ భయమేసింది. ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడంటున్నాను. మళ్ళీ తుడిచాను, ఈసారి రంగు కరిగించే థిన్నర్ పోసి గట్టిగా. అయినా లేత మరక మిగిలింది. మధ్యాహ్నానికి లామినేటర్లు ఆ మూలకి వెళ్ళడం మానేశారు. ఎవరో బోర్డు కింద రెండు కమలాపళ్ళు, మూడు అగరువత్తులు పెట్టిపోయారు.

అప్పలసామి కూతురికి ఫోన్ చేసి వెళ్ళొద్దని బతిమాలాడు. ఆ పిల్ల నాతో మాట్లాడతానంది. "అంకుల్, మీరు చెప్పండి, బోర్డు ఓకేనా?" అని సూటిగా అడిగింది. ఓకే అన్నాను. ట్యాగు కట్టాను కదా అని కూడా అన్నాను. గురువారం మధ్యాహ్నం ఆమె వచ్చి బోర్డుని పుంగ్గోల్‌లో తమ ఇంటికి తీసుకెళ్ళిపోయింది. అప్పలసామి దాన్ని మోయడానికి చెయ్యి వెయ్యలేదు.

ఆ సాయంత్రం టాంపినీస్‌లో మా బ్లాకులోనే కింది అంతస్తు తెలుగు దంపతులు పసిబిడ్డని ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నారు. పెద్దవాళ్ళెవరూ దగ్గర లేరని హారతి మా ఆవిడని ఇవ్వమన్నారు. ఆవిడ వంటింట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపింది. తమలపాకుల సున్నం వేలితో తీసి అందులో వేసి తిప్పింది. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ వేలి చుట్టూ పసుపు నీళ్ళు చూస్తూండగానే ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచి ఎన్ని వందలసార్లు చూశానో. గ్లాసు అక్కడే పెట్టేసి చెప్పులేసుకున్నాను.

పసుపుకి సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఎపాక్సీ హార్డెనర్ క్షారం. పాలియెస్టర్‌లో హార్డెనర్ పని నిప్పు రాజెయ్యడం వరకే. వాన చల్లదనానికి నాలుగు చుక్కలు ఎక్కువైతే జిగురు త్వరగా గట్టిపడుతుంది, అంతే. ఎపాక్సీలో అలా కాదు. ఇన్ని పాళ్ళ రెజిన్‌కి ఇన్ని పాళ్ళ హార్డెనర్ జతపడాలి. జత దొరకనిది లోపలే పచ్చిగా మిగిలిపోయి, చెమ్మ తగిలినప్పుడల్లా నీచు వాసనతో పైకి ఊరుతుంది. సోమవారం నుంచి నేను మూడుసార్లు తుడిచింది దాన్నే. తోక సగమంతా గట్టిపడలేదు, ఎప్పటికీ గట్టిపడదు. అలల మీద మనిషి వెనక కాలు మోపి బరువంతా వేసేది సరిగ్గా అక్కడే.

ఫోన్ చేస్తే సావిత్రి ఎత్తలేదు. టాక్సీలో పుంగ్గోల్ వెళ్ళేసరికి బ్లాకు కింద కారు ఉంది, బోర్డు అప్పటికే దాని పైన పట్టీలతో కట్టేసి ఉంది. తోడొచ్చే స్నేహితురాలు శుక్రవారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే బయల్దేరదామంటే సావిత్రి సరేనందట. ఇంకో పావుగంటయితే నాకు దొరికేది కాదు. అప్పలసామి పక్కనే బెంచీ మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

పట్టీలు విప్పమన్నాను. ఎందుకని అడిగింది. నేను మాటలు వెతుక్కోకుండా తోక అంచున గోరు దూర్చి పైకి లాగాను. గాజు పొర సపోటా తొక్కలా ఊడి వచ్చింది. దాని కింద తెల్లటి థర్మాకోల్ మీద ఒక చెయ్యి ఉంది, అయిదు వేళ్ళతో, కొంచెం లోతుగా. సోమవారం సావిత్రి ఒత్తినప్పుడు పచ్చి పొరలోంచి లోపలికి దిగిన సొట్ట. ఆ పిల్ల తన చెయ్యి దాని దగ్గరికి తీసుకెళ్ళి, పెట్టకుండా వెనక్కి తీసేసుకుంది.

తప్పు నాదని చెప్పాను. రెండు మూతలు, గోడ మీది కాగితం, మూడుసార్లు తుడవడం, అన్నీ వరసగా చెప్పాను. అప్పలసామి బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "నాను భయపడితే మీరు నవ్వినారు సార్" అన్నాడు. సావిత్రి ఏడ్చింది. "అంకుల్, నేను మిమ్మల్నే అడిగాను కదా" అంది. 

మర్నాడు బోర్డుని యార్డుకి తెచ్చి, ఆకుపచ్చ ట్యాగు తీసి ఎర్రది కట్టి, లోపం ఇన్‌స్పెక్టరుది అని రిజిస్టరులో రాశాను. గోడ మీది కాగితం చింపి, ఏ రెజిన్‌కి ఏ నియమమో విడివిడిగా రాసి అంటించాను. తోక సగం పూర్తిగా ఒలిచి, రుద్ది, కొలత గ్లాసుతో కొలిచి మళ్ళీ చేశాం. పసుపు వేసి మూడు రోజులు ఉంచాం. పసుపుగానే ఉంది. సావిత్రి జనవరిలో దేశారు వెళ్ళింది. అప్పలసామి కూడా వెళ్ళి, ఒడ్డున సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడట.

ఆ వారం నాకు నేర్పింది ఒక్కటే. ఇన్‌స్పెక్టరు కనబడ్డ మచ్చని ముందు తుడవకూడదు. చూడాలి, రాసుకోవాలి, భయపడినవాణ్ణి ఏం చూశావని అడగాలి. గుడ్డ పని ఆ తరవాత. ఒలిచిన ఆ పొరలో చేతి ముద్ర ఉన్న ముక్కని నేను పారెయ్యలేదు, టాంపినీస్ ఇంట్లో నా బీరువాలో ఉంది. ఎరుపు ఇప్పుడు గోధుమరంగుకి దిగింది. వాన పట్టిన రోజుల్లో తీసి వేలు పెడితే, ఇప్పటికీ తడిగా అంటుకుంటుంది.