పోపు ఘాటు మెట్లెక్కిన వైనం

ఈ అమ్మమ్మ చెప్పేది రాసుకో. గోపన్‌పల్లిలో ఈ రెండంతస్తుల ఇంట్లోకి వచ్చిన కొత్తల్లో నన్ను ఏడిపించింది పోపు. వంటిల్లు కింద, మీ నాన్న ఆఫీసు గది పైన, మధ్యలో తలుపూ గోడా లేని మెట్లు. కింద నేను నూనెలో ఎండుమిరపకాయ వేస్తే, రెండో నిమిషానికి పైన మీ నాన్న దగ్గు. ఏ దేశంలోనో ఉన్న క్లయింటు ఆ దగ్గు విని, ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడట.

చిమ్నీ లేదా అంటే, ఉంది. దాని చప్పుడు మీటింగులో వినబడుతోందని మీ నాన్నే ఆపించారు. ఆపించి, గాలి శుభ్రం చేసే మిషనొకటి కొని పక్కన పెట్టుకున్నారు. నేను పోపు వేసినప్పుడల్లా దానికి ఎర్రదీపం వెలిగేది. అది చేసిన సేవ అంతవరకే.

చివరికి పనమ్మాయి చేత కబురు పంపారు.

"సారు మీటింగ్‌ల ఉన్నరంట అమ్మా. పొద్దటి నుంచి రెండింటి దాంక జర పోపు ఆపుమంటున్నరు."

"పోపు లేని పప్పు ఎవరు తింటారే?"

"నన్నడిగితే నేనేం జెప్త? మీ అల్లున్నే అడుగుండ్రి."

యాభై ఏళ్లుగా పోపు పెట్టిన చేయి ఇది. వారం రోజులు చప్పటి పప్పు తిన్నాను. ఎనిమిదో రోజు మీ నాన్నని కిందికి పిలిచి, మెట్ల దగ్గర అగరొత్తి వెలిగించాను. పక్కనే ఉన్న నా గదికేసి కన్నెత్తి చూడకుండా పొగ తిన్నగా మెట్లెక్కింది.

"చూశారా బాబూ? వేడిగాలి తేలిక, పైకి పోతుంది. దాని చోటుకి చల్లగాలి దిగుతుంది. అదీ పొయ్యి దగ్గర వేడెక్కి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. కాగులో నీళ్లూ ఇంతే. అడుగున కాగినవి పైకొస్తాయి, పైనున్న చల్లవి అడుక్కి దిగుతాయి."

"కన్వెక్షన్ అండీ అత్తయ్యగారూ! స్కూల్లో చదివాను." మీ నాన్న నా గదికేసి చాలాసేపు చూశారు. "అయితే ఈ గదికి ఘాటు రాదన్నమాట!"

సాయంత్రానికి ఆయన బల్ల, రెండు స్క్రీన్లు నా గదిలోకి దిగాయి. నా మంచం పైకెక్కింది.

"పోపు కావాలన్నావు కదమ్మా, ఇక నీ ఇష్టం," అంది మీ అమ్మ.

ఇప్పుడు ఏ వేళకైనా పోపు పెట్టుకోవచ్చు. పెట్టడానికి ఈ మోకాళ్లతో దిగాలి, పెట్టి మళ్లీ ఎక్కాలి. అందుకే నిన్న, చిన్న స్టవ్వొకటి పైన పెట్టించమని అడిగాను. ఘాటు కిందికి దిగదని ఆయనకి తెలుసు కదా.

"మీటింగయ్యాక మాట్లాడదామండీ అత్తయ్యగారూ," అన్నారు.

అయినట్టు ఇంకా కబురు రాలేదు.