కంబదూరులో తొలి క్రిస్మస్ దీపాలు

డిసెంబరు చలిలో డీజిల్ వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. ఈ సాయంత్రమూ అంతే. కంబదూరు వీధి పొడుగునా ఎర్రవి, పచ్చవి బల్బులు ఒక్కసారిగా వెలిగాయి. పిల్లలు కేకలు పెట్టారు. పక్క ఊళ్ళ నుంచి ఆటోల్లో దిగే జనానికి ఈ సంబరం ఎప్పుడూ ఉన్నదే అనిపిస్తుంది. దీన్ని మొదలుపెట్టిన సుగుణమ్మగారిని వాళ్ళలో చాలామంది చూడనే లేదు.

ఆమె మా బడి హెడ్మిస్ట్రెస్. నేను అప్పుడే ఉద్యోగంలో చేరిన పంతులమ్మను, నలుగురిలో నోరు విప్పాలంటే భయం. ఆ ఏడు చెనక్కాయ, అదే వేరుశనగ, పంట పూత మీదే ఎండిపోయింది. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. చర్చివాళ్ళు కూడా క్రిస్మస్‌ను ప్రార్థనతో సరిపెడదామనుకున్నారు. ఆ మాట విన్న మధ్యాహ్నమే సుగుణమ్మగారు నన్ను వెంటబెట్టుకుని, పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే మస్తాన్ ఇంటికి వెళ్ళారు. అతని బల్బుల దండలు గోనెసంచుల్లో మూలుగుతున్నాయి.

“మస్తానూ, చర్చి కాడి నుంచి బస్టాండు దాకా కడతావా? అందరి ఇండ్ల ముందరా.”

“మా ఇంటి ముందర కూడానా మేడం?”

“నీ ఇంటి నుంచే మొదలుపెట్టు.”

అతను పగలబడి నవ్వాడు. “కడతా. కరెంటు యాడిది? బోర్లకే చాలకుండా ఉండాది.”

అది నిజం. పొలాల్లో మిగిలిన కాస్త పచ్చదనం ఆ కరెంటు మీదే బతుకుతోంది. ఊళ్ళో జనరేటరు ఒక్కటే, నారపరెడ్డిగారి చెనక్కాయల మిల్లులో. కాయలు లేక మిల్లు మూతబడింది. ఆయనేమో కోపిష్టి. మిల్లు గేటు దగ్గర సుగుణమ్మగారు ఆగి, “నువ్వే అడుగు,” అన్నారు.

“నేనా! కాదంటే?”

“కాదంటే ఇంటికి పోయి కాఫీ తాగుదాం. అడక్కపోయినా అదే కదా చేసేది.”

పండుగ దీపాలకు జనరేటరు ఇమ్మని అడిగాను. ఆయన మండిపడ్డారు. “పంటలు మాడిపోయి ఏడుస్తాంటే దీపాలేంటికమ్మా?”

ఎక్కడి నుంచి వచ్చిందో తెగింపు. “అందుకే కదన్నా. ఈ ఊర్లో పిల్లోళ్ళు నవ్వంగా చూసి ఎన్నాళ్ళయిందో! ఒక్క పొద్దన్నా నవ్వనీ.”

ఆయన విసురుగా లోపలికి వెళ్ళిపోయారు.

పండుగ ముందు రోజు పొద్దు గుంకేసరికి మస్తాన్ వీధంతా దండలు కట్టేశాడు. జనం గుమిగూడారు. జనరేటరు జాడ లేదు. ఊరందరి ముందూ నవ్వులపాలు కాబోతున్నామనుకున్నాను. సుగుణమ్మగారు మాత్రం బొరుగులతో చేసిన ఉగ్గాని పొట్లాలు పంచుతున్నారు, ఏమీ ఎరగనట్టు.

అంతలో ట్రాక్టరు చప్పుడు! నారపరెడ్డిగారే తోలుకొచ్చారు. వెనక ట్రాలీలో జనరేటరు. “చూస్తాండారేమప్పా? తలా ఒక చెయ్యి వేయండి!” అని అరిచారు. ఎంతమంది ఎగబడ్డారో! దించడం, తీగ తగిలించడం, డీజిల్ వాసన కొడుతూ జనరేటరు మోగడం, వీధి జిగేల్మని వెలగడం క్షణాల్లో జరిగిపోయాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముసలమ్మలు చేతులు పట్టుకుని నడిచారు. నారపరెడ్డిగారు తల పైకెత్తి చాలాసేపు చూసి, “మస్తానూ, వచ్చే ఏడు మా మిల్లు దాకా కట్టల్లప్పా,” అన్నారు. నేను సుగుణమ్మగారి చేయి పట్టుకుని చిన్నపిల్లలా గెంతాను.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌ను నేనే. మొన్న ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళు కావాలని పక్క పొలం రైతు ఇంటికి వెళ్ళాను. కాదంటాడేమోనన్న భయం నాకింకా పోలేదు. అయినా తట్టాను, అడిగాను, ఇచ్చాడు. వెంట వచ్చిన కొత్త పంతులమ్మ ఎలా అడగగలిగారన్నట్టు నావైపు చూసింది. ఈసారి ఆమెచేతే అడిగిస్తాను.