ఐసులో పెట్టిన లాప్‌టాప్

మా ఇంట్లో ఏది పాడవకుండా ఉండాలన్నా ఐసులోకి వెళ్లాల్సిందే. నాన్న శ్రీకాకుళం దగ్గర ఒక రేవులో చేపల వ్యాపారం చేసేవాడు. పడవ ఒడ్డుకు రాగానే సరుకు కొని, థర్మాకోల్ పెట్టెల్లో ఒక వరస ఐసు, ఒక వరస చేప సర్ది లారీకెక్కించేవాడు. మాకు దెబ్బ తగిలి వాచినా, అమ్మకి తలనొప్పి వచ్చినా ఆ పెట్టెలోంచే ఒక ముక్క తీసి ఇచ్చేవాడు. అందుకని మా ఇంట్లో తలనొప్పి కూడా నీచు వాసన వేసేది.

నేను ఎంసీఏ చివరి సెమిస్టర్‌లో ఉండగా నా లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది. ముందు గంటకోసారి, తర్వాత పావుగంటకోసారి. ఫ్యాను పిండిమరలా మోగేది. సోమవారం విజయనగరంలో ప్రాజెక్టు వైవా. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమని స్నేహితురాలు చెబితే, అంతా అయ్యాక ఒకేసారి ఎక్కిస్తానన్నాను. అప్పట్లో నాకు అన్నీ తెలుసు.

శుక్రవారం పొద్దున్న అది మళ్లీ ఆగిపోయింది. విసుగొచ్చి, మూసేసి, స్నానానికి పోయాను. తిరిగొచ్చేసరికి బొంత మీద లాప్‌టాప్ లేదు. పెరట్లో నాన్న ఐసు పెట్టె మూత మీద చెయ్యేసి కూర్చున్నాడు.

“ఇందులో పెట్టానమ్మా. సల్లబడతాది,” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. “అదేటి, చేపా? నీకేటి తెలుసని ముట్టుకున్నావు?” అని అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. మూత లాగి చూస్తే ఐసు మీద గోనె పరిచి ఉంది. గోనె మీద, రెండు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి కట్టిన లాప్‌టాప్. సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్లు సెల్‌ఫోన్లు అలాగే కట్టుకుంటారు. దాన్ని ఎత్తుకుని గదిలోకి నడిచాను.

“ఇప్పుడే ముడిప్పకమ్మా. ఐసులోంచి తీసింది ఏదైనా సెమట పడతాది. కాసేపలా ఉండనీ,” అంటూ నాన్న వెనకాలే వచ్చాడు.

నేను వినలేదు. కవర్లు చింపి బటన్ నొక్కాను. వెలిగింది, టక్కున ఆరిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ వెలగలేదు. తడిమితే మూత చెమ్మగా తగిలింది. “నువ్వు చేసిన పని చూడు,” అన్నాను. నాన్న బండి తాళం తీసుకున్నాడు.

అరసవల్లిలో ఒక చిన్న రిపేరు కొట్టు ఉండేది. అక్కడి పెద్దాయన మరలు విప్పి అడుగు భాగం తీశాడు. ఫ్యాను పక్కన, వేడిగాలి బయటికి పోయే సందులో, ఎర్రటి పొట్టు దట్టంగా పేరుకుని ఉంది. “ఇదేటిది?” అన్నాడాయన. నాన్న వంగి వాసన చూసి, “ఎండు రొయ్యల పొట్టు,” అని చెప్పాడు.

నాన్న ఎండు రొయ్యల బస్తాలు దాచే గదిలో, బొంత మీద పెట్టుకుని ఏడాదిగా పని చేసుకున్నది నేనే. కింద గాలి పీల్చుకునే కన్నాలను బొంత మూసేసింది. ఉన్న కాస్త సందులోంచి ఫ్యాను పొట్టుని లాక్కుంది.

పెద్దాయన లోపల గుడ్డతో అద్ది చూపించాడు. “నీటి సుక్కలున్నాయి. సల్లగా ఉన్నదాన్ని ఎంటనే ఆన్ సేసిందెవరు?”

“నానే సేసినాను,” అన్నాడు నాన్న.

నేను ఆయన విప్పిన మరలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఆయన పొట్టంతా బ్రష్‌తో దులిపాడు. చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే, గీకేసి కొత్తది రాశాడు. టేబుల్ ఫ్యాను ముందు ఒక రోజు ఆరబెట్టాడు. శనివారం సాయంత్రం వెలిగింది. అక్కడే నిలబడి ప్రాజెక్టుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. వైవా గట్టెక్కింది. నాన్న నాకొక బల్ల వేసి, దాని మీద రెండు చెక్క బద్దలు కొట్టి, లాప్‌టాప్‌ని వాటి మీద పెట్టాడు. చేపలెండబెట్టే తడకల కింద కూడా అలాగే గాలాడేలా ఎత్తు పెడతారు. ఆ తర్వాత అది ఎప్పుడూ ఆగిపోలేదు.

ఉద్యోగంలో చేరాక, టీ తాగే చోట, మా నాన్న లాప్‌టాప్‌ని ఐసులో పెట్టిన కథ చాలాసార్లు చెప్పాను. అందరూ పడీపడీ నవ్వేవారు. కవర్ల సంగతి, పొట్టు సంగతి, బటన్ నొక్కిందెవరన్న సంగతి ఒక్కసారీ చెప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒకసారి నాన్న మా ఆఫీసుకొచ్చాడు. నా పక్క సీటతను నవ్వు ఆపుకోలేక, “ఐసులో పెట్టి పాడుచేసింది మీరేనాండీ?” అని అడిగేశాడు.

నాన్న ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత తనూ నవ్వాడు.

“నానే, బాబూ,” అన్నాడు.