ఎవ్వరికీ జలుబు లేదన్నాను

ఆడిన ఒక్క అబద్ధాన్ని ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడిపేవాణ్ణి. నా భార్య సుజాతకు బ్లడ్ క్యాన్సర్. కీమో ఇస్తున్నారు. రోగాన్ని తట్టుకునే శక్తి ఆమెలో బొత్తిగా లేదని, ఇంట్లోవాళ్లెవరూ గుంపుల్లోకి పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. సుజాత అన్న మల్లేశం బావ నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

అయినా బంద్ రోజు రోడ్డు మీద వంటావార్పుకు వెళ్లాను. అందరితో కలిసి తిన్నాను, డప్పుకు ఆడాను. తెలంగాణ కోసం వెళ్లానని చెప్పుకోవచ్చు. నిజం అది కాదు. దవాఖాన వాసన లేని ఒక్క పూట కావాలనిపించింది.

తర్వాత జలుబు పట్టుకుంది. దగ్గొస్తే బాత్రూంలోకి పోయి, నల్లా తిప్పి దగ్గేవాణ్ణి. ఆ వారంలోనే సుజాతకు జ్వరం, ఆయాసం.

సీటీ స్కాన్ తీశారు. డాక్టర్ తెర మీద చూపించాడు. రెండు ఊపిరితిత్తులూ ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉన్నాయి.

"ఇది వైరస్ కావచ్చు, ఫంగస్ కావచ్చండి. స్కాన్ ఒక్కటే చూసి తేల్చలేం. ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉన్నాయా?"

బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. సుజాత చక్రాల కుర్చీలో వింటోంది.

"లేదు సార్. ఎవ్వరికీ లేదు."

ఫంగస్ మందు రాశారు. బావ ఆ మందు తేవడానికి వెళ్లాక సుజాత మెల్లగా అడిగింది, "నీ దగ్గు తక్కువైందా?"

ఆమెకు తెలుసు. మరి డాక్టర్ ముందు ఎందుకు ఊరుకుంది? నా పరువు కాపాడాలనా? అప్పుడైనా డాక్టర్ గదికి పరుగెత్తాల్సింది. "తక్కువైంది" అని కుర్చీలోనే కూర్చుండిపోయాను.

వైరస్ పరీక్ష ఆలస్యంగా జరిగింది. అదేనని తేలేసరికి ఆమె వెంటిలేటర్ మీద ఉంది. మళ్లీ కళ్లు తెరవలేదు.

ముందే చెప్పి ఉంటే బతికేదా? తెలియదు. బతికేది కాదేమోనని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ క్షణంలో నేను భయపడింది ఆమె ప్రాణానికి కాదు, బావ తిడతాడని. దీన్ని మాత్రం ఎలా సర్దిచెప్పుకోను?

క్యాన్సర్ తీసుకుపోయిందని అందరూ అన్నారు. నేనూ తలూపాను. "మా చెల్లెను మంచిగ చూస్కున్నవ్" అని బావ ఇప్పటికీ అంటాడు. నేను తల దించుకుంటే దుఃఖమనుకుంటాడు.

ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాను. చెప్పినంత మాత్రాన తప్పేమీ తగ్గదు. ఇన్నాళ్లకు పైకి అనగలిగాను, అంతే.